సడక్ పైకి, దహలీజ్ కిందికి

మా దాదా ఇల్లు కట్టినప్పుడు గల్లీలోంచి దర్వాజ దాకా రావాలంటే మూడు మెట్లు ఎక్కాలి. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక దాదీ పై మెట్టు మీద కూచుని పాన్ చుట్టుకుంటూ వచ్చేపోయేవాళ్ళను పలకరించేదట. నా చిన్నప్పటికి రెండు మెట్లు మిగిలాయి. నా పెళ్ళి నాటికి ఒక్కటే. ఇప్పుడు మా గల్లీలోంచి ఇంట్లోకి పోవాలంటే ఒక మెట్టు దిగాలి.

ఇల్లు కుంగలేదు. సడకే పెరిగింది. ముందు కంకర పోశారు, దాని మీద తారు వేశారు, తారు మీద సీసీ, సీసీ పగిలాక దాని మీద మళ్ళీ సీసీ. పాతది తవ్వి తీసేసే పని ఎవరూ పెట్టుకోలేదు. ఒక్కోసారి నాలుగు అంగుళాలు, ఒక్కోసారి ఆరు. మెట్లన్నీ సడక్ కడుపులోకి పోయాయి. "సడక్ ఊపర్ గయీ, ఘర్ నీచే ఆగయా" అంటుంది మా అమ్మీ. బర్సాత్ మొదలైందంటే దహలీజ్ దగ్గర ఇటుకలు పేర్చి, వాటి వెనక ఇసుక బస్తా పెడతాం. అయినా నీళ్ళు వస్తాయి. బియ్యం డబ్బా మంచం మీదికి, పిల్లల పుస్తకాలు అల్మారీ పై అరలోకి. మా ఇంట్లో వానాకాలం అంటే ఇదే.

పోయిన వానాకాలం మా పక్కింటి ఖాలా ఫజర్ వేళ పాల ప్యాకెట్ కోసం బయటికి వచ్చింది. గల్లీ మలుపులో ఎప్పుడో నల్లా కనెక్షన్ కోసం తవ్వి, మట్టి పోసి వదిలేసిన చోట గుంత ఉంది. అది మా అందరికీ తెలుసు, ఖాలాకీ తెలుసు. కానీ ఆరోజు గల్లీ అంతా నీళ్ళు. గుంత ఎక్కడ మొదలవుతుందో కనిపించలేదు. కాలు పోయింది, తుంటి ఎముక విరిగింది. ఆటో లోపలికి రానన్నాడు. నవారు మంచం మీద పడుకోబెట్టి నలుగురం భుజాల మీద మోసి పెద్ద సడక్ దాకా తీసుకుపోయాం. నలుగురి భుజాల మీద మనిషి గల్లీ దాటిపోవడం అంటే మా మొహల్లాలో ఏమిటో అందరికీ తెలుసు. ఖాలా దారంతా కళ్ళు మూసుకోలేదు. "మై జిందా హూఁ, ధీరే చలో" అంటూనే ఉంది.

ఖాలా బతికింది. వాకర్ పట్టుకుని ఇంట్లో నాలుగు అడుగులు వేస్తుంది. గల్లీలోకి మాత్రం మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత నేను అర్జీ రాసి ఆఫీసుకు పోయాను. మా ఊరి పేరు చెప్పను. ఇది ఒక్క మా ఊరి కథ అయితే రాయాల్సిన అవసరమే లేదు. అక్కడ నేను అడిగింది ఒకటే ప్రశ్న: "ఈ ఏడు ఏ గల్లీకి ముందు, ఏ గల్లీకి వెనక అని మీరు ఎట్లా నిర్ణయిస్తారు?" ఒకరు ఎస్టిమేట్ పంపామన్నారు. ఒకరు ఫండ్స్ లేవన్నారు. ఇంకొకరు మా వార్డు మెంబర్‌తో చెప్పించుకొమ్మన్నారు. వార్డు మెంబర్, "మీదే ముందు పెట్టిస్త భాయ్, ఈసారి పక్కా" అన్నాడు. నలుగురూ మర్యాదగానే మాట్లాడారు. కానీ నేను అడిగిన దానికి జవాబు ఒక్కరి దగ్గరా లేదు. ఉండాల్సిన కాగితం, అంటే ఊళ్ళోని గల్లీలన్నిటి ఫెహరిస్త్, ఏది ఎంత పాడైంది, ఎవరి నంబర్ ఎంత, ఎందుకంత అని చెప్పే కాగితం, అసలు లేదు.

నా మాట అంతా ఆ లేని కాగితం గురించే. పైసలు చాలవన్న సంగతి నాకూ తెలుసు. ఏ మున్సిపాలిటీ ఖజానా కూడా అన్ని గల్లీలకూ ఒకే ఏడు సరిపోదు. సరిపోనప్పుడే కదా వరస కావాలి. రేషన్ దుకాణంలో బియ్యం పుష్కలంగా ఉంటే లైన్ ఎందుకు? తక్కువ ఉన్నప్పుడు లైన్ లేకపోతే బలమున్నవాడి సంచి నిండుతుంది. సడక్‌ల విషయంలో మన ఊళ్ళలో జరుగుతున్నది ఇదే.

ముందు పైసలు ఎక్కడి నుంచి వస్తాయో చూద్దాం, ఎందుకంటే వరస చెడిపోవడం అక్కడే మొదలవుతుంది.

మున్సిపాలిటీకి సొంత ఆమ్దనీ ఉంది: ఆస్తి పన్ను, ఇళ్ళ పర్మిషన్ ఫీజులు, ట్రేడ్ లైసెన్సులు, దుకాణాల కిరాయిలు. ఇందులోంచే జీతాలు, వీధి దీపాల కరెంటు బిల్లు, చెత్త బండ్ల డీజిల్ పోవాలి. మిగిలిందాంట్లో సడక్ వాటా. రెండోది కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పది లక్షల జనాభా లోపు పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికీ, పారిశుద్ధ్యానికీ కట్టేసింది. మిగిలిన 40 శాతమే ఊరి ఇష్టం. మూడోది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లు, ఇప్పించే అప్పులు. నాలుగోది ఎమ్మెల్యే నియోజకవర్గ నిధి, ఎంపీకి ఏడాదికి ఇచ్చే 5 కోట్ల ఎంపీల్యాడ్స్. ఒక్కో జేబుకు ఒక్కో షరతు, ఒక్కో సంతకం. కౌన్సిల్ చేతిలో పూర్తిగా ఉండేది మొదటి జేబు, రెండో దాంట్లో కొంత. మిగతా జేబుల మీద చెయ్యి వేరేవాళ్ళది.

దీనివల్ల ఏమవుతుందంటే, ఒక గల్లీకి సడక్ రావాలంటే ఆ గల్లీ ఎంత పాడైంది అన్నది ఎవరికీ పట్టదు. ఎవరి జేబులో ఎప్పుడు పైసలు ఉన్నాయి, ఆ జేబు మనిషికి మన గల్లీ గుర్తుందా లేదా అన్నదే అసలు లెక్క. ఎమ్మెల్యే నిధి నుంచి వేసిన సడక్ కౌన్సిల్ లెక్కలో ఉండదు. కౌన్సిల్ వేసేది ఎంపీ ఆఫీసుకు తెలియదు. అందుకే ఒకే గల్లీకి మూడేళ్ళలో రెండుసార్లు సీసీ పడుతుంది, దాని వెనక గల్లీకి పదిహేనేళ్ళయినా పడదు. మా ఊళ్ళో రెండు రకాలూ చూపిస్తాను, రండి.

ఇక పనిగా మారే దారి. ఇంజనీరు ఎస్టిమేట్ వేయాలి, కౌన్సిల్ అజెండాలోకి ఎక్కాలి, మంజూరు కావాలి, టెండర్ పిలవాలి, కాంట్రాక్టర్ రావాలి, పని అయ్యాక కొలతలు ఎం-బుక్‌లో ఎక్కాలి, క్వాలిటీ చూడాలి, అప్పుడు బిల్లు. ప్రతి మెట్టు దగ్గరా గల్లీ ఆగిపోవచ్చు. పాత బిల్లులు నెలల తరబడి రాకపోతే కాంట్రాక్టర్లు టెండరే వేయరు. వేసినవాడు బాగా తక్కువకు కోట్ చేస్తే ఆ తేడా సిమెంటులోంచి తీస్తాడు. కాగితం మీద మంజూరైన గల్లీలు కాగితం మీదే ముసలివైపోతాయి. "మీది మంజూరైంది కదా" అన్న జవాబుతో ఇంకో అర్జీ పెట్టే హక్ కూడా పోతుంది.

మున్సిపల్ ఆఫీసులో మాటలన్నీ మన ఇంటి మాటలే. దరఖాస్తు, మంజూరు, వసూలు, బకాయి, రసీదు, ఖజానా. వసూలు అనే మాట ఏటా మా గల్లీ దాకా నడిచి వస్తుంది, ఇంటింటికీ నోటీసు ఇచ్చి పోతుంది. మంజూరు అనే మాట కోసం మాత్రం మేమే ఆఫీసు దాకా నడవాలి.

చిన్న ఊళ్ళ సంగతి వదిలేయండి, పెద్ద షహర్‌లో ఎట్లా ఉందో చూద్దాం అంటారేమో. హైదరాబాద్‌నే చూద్దాం, అక్కడి లెక్కలు అందరికీ తెలిసినవే. గ్రేటర్ కార్పొరేషన్ 2007లో ఏర్పడింది. 2019 నాటికి దాని కింద ఉన్న సడక్‌లు సుమారు 9,000 కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం సీసీ, అంటే మనలాంటి వాళ్ళ గల్లీలు. 2019 చివర్లో సీఆర్ఎంపీ పేరుతో 709 కిలోమీటర్ల పెద్ద సడక్‌లను అయిదేళ్ళ కోసం ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించారు. సుమారు 1,800 కోట్ల పథకం. తారు కొత్తగా వేయాలి, గుంత పడితే పూడ్చాలి, ఫుట్‌పాత్ చూసుకోవాలి, ఊడవాలి. అన్నీ ఒకే కాంట్రాక్టులో, అయిదేళ్ళ జిమ్మేదారీతో.

ఆలోచనగా అది మంచిదే. సడక్‌ను వేసినవాడే అయిదేళ్ళు కాపాడాలంటే వేసేటప్పుడే సరిగ్గా వేస్తాడు. కానీ 9,000లో 709 అంటే నూటికి 8. ఆ అయిదేళ్ళు ఆ 8 సడక్‌లకు 'మెయింటెనెన్స్' ఉండేది. మిగతా 92కు 'శాంక్షన్' ఉండేది. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమే నేను చెప్పదలచుకున్నది. మెయింటెనెన్స్ ఉన్న సడక్‌కు చీలిక పడగానే వైద్యం చేయించుకునే హక్ ఉంది. శాంక్షన్ కోసం చూసే గల్లీకి చచ్చిపోయాకే కొత్త జన్మ దొరుకుతుంది. మధ్యలో పదేళ్ళో పదిహేనేళ్ళో ఇంతెజార్.

పెద్ద సడక్‌లే ముందు అనేవాళ్ళ వాదన నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసెయ్యను కూడా. పెద్ద సడక్ మీద బస్సులు పోతాయి, అంబులెన్సులు పోతాయి. లక్షల మంది తిరుగుతారు. అక్కడి గుంత స్పీడులో ఉన్న బైకు మీద మనిషి ప్రాణం తీస్తుంది. గల్లీలో తిరిగేది వంద ఇళ్ళవాళ్ళు. పైసలు తక్కువ ఉన్నప్పుడు ఎక్కువ మంది నడిచే దారికి ఎక్కువ ఇవ్వడం ఇన్సాఫే.

కానీ ఆ లెక్కలో ఒక లోపం ఉంది. అది బండ్లను లెక్కబెడుతుంది, అడుగులను లెక్కబెట్టదు. గల్లీలో బండి తక్కువ, మనిషి ఎక్కువ. మదర్సాకూ స్కూలుకూ పోయే పిల్లలు, నల్లా దగ్గరికి బిందెతో పోయే ఆడవాళ్ళు, మసీదుకు కర్ర పొడుచుకుంటూ పోయే బుజుర్గులు, తోపుడు బండి మీద కూరగాయలు అమ్మేవాడు. కారు గుంతలో పడితే టైరు దెబ్బతింటుంది. ఖాలా గుంతలో పడితే తుంటి విరుగుతుంది. ట్రాఫిక్ కౌంట్ అనే రిజిస్టర్‌లో ఖాలా ఎప్పుడూ ఎక్కలేదు. అంబులెన్స్ పెద్ద సడక్ మీద ఎంత జోరుగా వచ్చినా రోగి ఉండేది గల్లీలోనే కదా. ఆఖరి రెండు వందల గజాలకు దారి లేకపోతే ఆ జోరు ఎందుకు?

అయితే పైసలను అన్ని వార్డులకూ బరాబర్‌గా పంచేస్తే సరి అంటారు కొందరు. కౌన్సిల్ మీటింగుల్లో గొడవ ఆపడానికి ఇదే ఆఖరి మందు. వార్డుకు ఇంత అని రాసేస్తారు, అందరూ చప్పట్లు కొట్టి చాయ్ తాగి ఇంటికి పోతారు. బరాబరీ, ఇన్సాఫ్ ఒకటే అనుకోవడం దీని వెనక ఉన్న పొరపాటు. కొత్త కాలనీ ఉన్న వార్డులో సడక్‌లు నిన్నమొన్న వేసినవి, నాలీలు భూమి లోపల ఉంటాయి. పాత మొహల్లా ఉన్న వార్డులో సడక్ కింద తాతల నాటి పైపులు, పక్కన నోరు తెరిచిన నాలీ. ఇద్దరికీ ఒకే రకం ఇస్తే ఒకరు బాగున్న సడక్ మీద మళ్ళీ సడక్ వేస్తారు, ఇంకొకరికి గల్లీ సగం దాకా వచ్చి సిమెంట్ అయిపోతుంది.

ఇది మన దగ్గరి జబ్బే కాదు. అమెరికాలో షికాగో షహర్‌లో 50 వార్డులు. ఒక్కో వార్డు కౌన్సిలర్‌కు ఏటా ఒకే మొత్తం ఇస్తారు, తన వార్డులో ఏ గల్లీ వేయాలో ఆయనే ఎంచుకుంటాడు. 2017లో ఆ షహర్ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు దీన్ని తనిఖీ చేసి, సమానంగా పంచిన పైసలు అవసరానికి తగ్గట్టు పడటం లేదని రిపోర్టు ఇచ్చింది. అంత డబ్బున్న షహర్‌లోనే బరాబరీ ఇన్సాఫ్ కాలేకపోయింది.

ఇంకొకరు, "ఇప్పుడు యాప్ ఉంది కదా, ఫోటో తీసి పెట్టండి" అంటారు. పెట్టండి, తప్పకుండా పెట్టండి. కానీ ఫిర్యాదుల లెక్క మీద సడక్ వేస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఫిర్యాదు పెట్టేవాడికి స్మార్ట్‌ఫోన్ ఉండాలి, చదువు ఉండాలి, తీరిక ఉండాలి. అన్నిటికీ మించి, పెడితే ఎవరో వింటారన్న నమ్మకం ఉండాలి. ఇరవై ఏళ్ళు అర్జీలు పెట్టి అలిసిపోయిన మొహల్లా ఖామోష్ అయిపోతుంది. ఆ ఖామోషీని చూసి ఆఫీసు, "ఆ ఇలాకా నుంచి ఫిర్యాదులే లేవు" అని రాసుకుంటుంది. ఎక్కువ తక్‌లీఫ్ ఉన్నచోటే తక్కువ ఫిర్యాదులు ఉండటం మామూలు సంగతి. ఆఫీసు మనిషి గల్లీలోకి వచ్చి చూడాలి. గల్లీ ఆఫీసుకు వచ్చి ఏడ్వాలని ఎదురుచూడకూడదు.

మరి ఏది ఎక్కువ పాడైందో దానికే ముందు అన్న నియమం సరిపోతుందా? వినడానికి ఇన్సాఫ్ లాగే ఉంటుంది. నేనూ చాలా రోజులు అదే అనుకున్నాను. సడక్ పనులు చేసే ఒక మేస్త్రీ చాచా నా కళ్ళు తెరిపించాడు. "బేటా, సడక్‌కు దుష్మన్ బండి కాదు, నీళ్ళు" అన్నాడు. తారు సడక్ మీద సన్న చీలిక పడుతుంది. అప్పుడు తారు పోసి మూసేస్తే చిన్న ఖర్చు. వదిలేస్తే వాన నీళ్ళు దిగి కింది కంకర పొర మెత్తబడుతుంది. దాని మీద నీళ్ళ ట్యాంకర్ ఒకటి పోయిందంటే గుంత. గుంతలో నీళ్ళు నిలిచి పక్క భాగం కూడా పోతుంది. ఆ తర్వాత పై తోలు కాదు, అడుగు నుంచి కట్టాలి. ఖర్చు ఎన్నో రెట్లు. అందుకని ఉన్న పైసలన్నీ చచ్చిపోయిన సడక్‌ల మీదే పెడితే, బతికున్న సడక్‌లు వరసగా చచ్చి లైన్‌లో చేరతాయి. లైన్ ఎప్పటికీ తరగదు.

కాబట్టి ఫెహరిస్త్ ఒకటి కాదు, రెండు కావాలి. ఒకటి ఇంకా బాగున్నవాటిని చిన్న ఖర్చుతో కాపాడేది. రెండోది పూర్తిగా పోయినవాటిని వరసగా తిరిగి కట్టేది. బడ్జెట్‌లో దేనికి ఎంత అన్నది కౌన్సిల్ బహిరంగంగా తేల్చాలి. ఈ రెండూ కలిపేసి ఒకే కుండలో పోస్తున్నాం కాబట్టే గొంతు పెద్దదైనవాడికి గరిటె దొరుకుతోంది.

ఇంకో సంగతి. సడక్ కంటే ముందు నాలీ. ఇది చదువు లేని మా అమ్మీకి తెలుసు. నీళ్ళు పోయే దారి లేకుండా వేసిన సడక్ రెండు బర్సాత్‌లు కూడా తట్టుకోదు. అయినా నాలీకి ఒక ఎస్టిమేట్, సడక్‌కు ఇంకో ఎస్టిమేట్, నల్లా పైపుకు వేరే శాఖ, కేబుల్‌కు వేరే కంపెనీ. హైదరాబాద్‌లో అయితే 1989 చట్టంతో వాటర్ బోర్డు కార్పొరేషన్ నుంచి వేరైన సంస్థ. సడక్ ఒకరిది, దాని కింద పైపు ఇంకొకరిది. ఒకరు వేసి పోయాక ఇంకొకరు తవ్వుతారు. తవ్వినందుకు ఫీజు కట్టించుకుంటారు. ఆ ఫీజుతో ఆ తవ్వినచోటే పూడ్చాలన్న పట్టింపు మాత్రం ఉండదు. ఖాలా పడ్డ గుంత ఇట్లాంటిదే. అది సడక్ పాడై పడ్డ గుంత కాదు. ఒకరి పని అయిపోయి, ఇంకొకరి పని మొదలుకాక మధ్యలో మిగిలిపోయిన గుంత.

ఇక సడక్ మీద సడక్. తమిళనాడులో 2021లో ఆ రాష్ట్ర ప్రధాన కార్యదర్శి ఒక ఆదేశం ఇచ్చారు: పాత పొరను గీకి తీసేసిన తర్వాతే కొత్త పొర వేయాలి, ఇళ్ళ ముందు సడక్ ఎత్తు పెరగకూడదు అని. ఇంత చిన్న మాట. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖజానా అక్కర్లేదు. ఎస్టిమేట్‌లో 'పాతది తొలగించుట' అనే ఒక్క లైన్ ఉంటే చాలు. ఆ లైన్ లేకపోవడం వల్ల మా గల్లీలో ముప్పై ఇళ్ళు నీళ్ళలో ఉన్నాయి. ఉన్నవాళ్ళు ఇల్లు కూల్చి ఎత్తుగా కట్టుకుంటున్నారు. వాళ్ళ అరుగుల మీంచి జారే నీళ్ళు కూడా లేనివాళ్ళ ఇళ్ళలోకే పోతున్నాయి. సడక్ వేయడం అనే మేలు గరీబు ఇంటికి సజా అయింది. అందుకే మా గల్లీలో కొందరు, "సడక్ వద్దు భాయ్, ఉన్నది ఉండనీ" అంటారు. అది విన్న ఆఫీసు వాళ్ళు నవ్వుకుంటారు, చూడు వీళ్ళకు అభివృద్ధి వద్దట అని. వాళ్ళకు మా దహలీజ్ కనిపించదు.

మన కసూర్ ఏమీ లేదా? ఉంది, దాచను. నాలీ మీద చబూత్రా కట్టుకున్నది మనమే. బైకు ఎక్కించడానికి గల్లీలోకి రెండడుగులు ర్యాంపు పోసింది మనమే. రాత్రికి రాత్రి నల్లా కనెక్షన్ కోసం సడక్ కోసి పొద్దున్నే ఏమీ ఎరగనట్టు కూచున్నది మనమే. ఆస్తి పన్ను నోటీసు వస్తే, "ముందు సడక్ వెయ్యమను, తర్వాత కడతా" అని మడిచి పెట్టేది మనమే. పన్ను రాక ఖజానా ఖాళీ, ఖజానా ఖాళీ అని సడక్ లేదు, సడక్ లేదని పన్ను కట్టం. ఈ గిర్రున తిరిగే చక్రంలో ఒక పట్టీ మన చేతిలో ఉంది. పన్ను రసీదు జేబులో ఉన్నవాడి గొంతు ఆఫీసులో వేరేగా వినిపిస్తుంది. అర్జీతో పాటు రసీదు జిరాక్స్ కూడా పెట్టినరోజు ఆ తేడా నేను చూశాను.

ఇంకో కసూర్ అంతకంటే పెద్దది. గల్లీకి సీసీ పడగానే మనం ఫ్లెక్సీ కడతాం. "మా గల్లీకి సీసీ రోడ్డు వేయించిన మా ప్రియతమ నాయకుడికి షుక్రియా" అని, పైన ఆయన ఫోటో, కింద మన ఫోటోలు. మన పన్నుతో మన గల్లీకి పడ్డ సడక్‌కు షుక్రియా ఎందుకు? కరెంటు బిల్లు కట్టి బల్బు వెలిగినందుకు ఎవరికైనా షుక్రియా చెబుతామా? ఆ ఫ్లెక్సీ కట్టినప్పుడే మన హక్‌ను మనమే మెహర్బానీ అని రాసి ఇచ్చేశాం. మెహర్బానీకి హిసాబ్ అడగలేం కదా. పక్క గల్లీవాడు, "నాకెందుకు వేయలేదు" అని అడిగితే, "నువ్వు నాకు ఓటేశావా" అన్న జవాబు వస్తుంది. ఆ జవాబుకు దారి వేసింది మన ఫ్లెక్సీయే.

మరి దారి ఉందా? ఉంది. చేసి చూపించినవాళ్ళు కూడా ఉన్నారు. బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రె అనే షహర్‌లో 1989 నుంచి మొహల్లా మొహల్లాలో జనం కూచుని మున్సిపల్ పెట్టుబడి పైసలు దేనికి పోవాలో చెప్పారు. వాళ్ళు మొదట్లో ఎక్కువగా అడిగినవాటిలో గల్లీలకు సడక్ ఒకటి. అరిచినవాడికి ముందు అన్నట్టు కాకుండా, వాళ్ళు ఒక కొలత పెట్టుకున్నారు: ఆ ఇలాకాలో ఆ వసతి ఎంత కొరవ ఉంది, జనం ఎంతమంది ఉన్నారు, వాళ్ళు దాన్ని ఎన్నో నంబర్‌లో పెట్టుకున్నారు. మూడింటికీ మార్కులు, మార్కులను బట్టి వరస. తర్వాత వచ్చిన ప్రభుత్వాల కాలంలో అది బలహీనపడింది. కానీ మార్కుల పట్టిక గోడ మీద ఉంటే సిఫారిష్‌కు చోటు తగ్గుతుందని లోకానికి తెలిసింది. మన దేశంలో పుణె కార్పొరేషన్ 2006 నుంచి తన బడ్జెట్‌లో పౌరులు సూచించే పనులకు కొంత చోటు పెట్టింది.

చట్టం కూడా మన పక్షానే ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని అది చెప్పింది. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం చిన్న పట్టణాల్లో కూడా వార్డుకు నాలుగు కమిటీలు పెట్టమంది: యువకులవి, ఆడవాళ్ళవి, పెద్ద వయసువాళ్ళవి, ఊరి పెద్దమనుషులవి. మీ వార్డులో ఆ కమిటీలో ఎవరున్నారో మీకు తెలుసా? అది ఆఖరిసారి ఎప్పుడు కూచుంది? పేర్లు కాగితం మీద ఉన్నా, వాళ్ళ ముందు పెట్టాల్సిన గల్లీల ఫెహరిస్త్ లేకపోతే వాళ్ళు కూచుని చాయ్ తాగి లేస్తారు, అంతే.

అందుకే నేను కొత్త పథకం అడగడం లేదు. మా ఊరి కౌన్సిల్‌ను, మీ ఊరి కౌన్సిల్‌ను కొన్ని చిన్న మాటలు అడుగుతున్నాను. ఏడాదికి ఒకసారి, బర్సాత్ పోయిన వెంటనే, ఇంజనీరూ వార్డు కమిటీ కలిసి ప్రతి గల్లీ నడిచి చూడండి. సడక్ ఎట్లా ఉంది, నాలీ ఉందా, నీళ్ళు ఎవరి ఇంట్లోకి పోతున్నాయి, బడి ఉందా, దవాఖానా ఉందా, ఆఖరిసారి సడక్ ఎప్పుడు పడింది అని రాసుకోండి. మార్కులు వేయండి. ఆ పట్టికను తెలుగులో, ఉర్దూలో వార్డు ఆఫీసు గోడకు అంటించండి. ఎమ్మెల్యే నిధి అయినా ఎంపీ నిధి అయినా ఆ పట్టికలోంచే గల్లీని ఎంచుకోమని అడగండి. ఎవరినైనా వరస దాటించి ముందుకు తెస్తే తీసుకురండి, కానీ ఎందుకో రాసి అదే గోడకు పెట్టండి. పాత పొర తీయకుండా కొత్త పొర వేయకండి. నాలీ, నల్లా పైపు పనులు అయ్యాకే సిమెంట్ కలపండి. తవ్వినవాడు పూడ్చేదాకా డిపాజిట్ వాపస్ ఇవ్వకండి.

వీటిలో పెద్ద ఖర్చుతో కూడినది ఒక్కటీ లేదు. ఖర్చయ్యేది ఇంకొకటి. 'మీదే ముందు పెట్టిస్త భాయ్' అని అందరికీ చెప్పే సౌకర్యం పోతుంది. గోడ మీద మా గల్లీ నంబర్ 47 అని రాసి ఉంటే, 46 గల్లీలు మాకంటే ఎక్కువ తక్‌లీఫ్‌లో ఉన్నాయని మేం చదువుకుంటాం. మీరు నమ్మరేమో, మేం ఆగుతాం. జనం ఇంతెజార్‌కు భయపడరు. ఎందుకు ఆగాలో తెలియకుండా ఆగడమే కష్టం.

నిన్న జుమా నమాజు అయ్యాక ఖాలాను చూడటానికి పోయాను. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూచుంది. గల్లీ కనిపిస్తుంది అక్కడి నుంచి. వార్డు మెంబర్ మనుషులు వచ్చి టేపుతో కొలతలు తీసుకుపోయారట, త్వరలో సీసీ పడుతుందట. నేను సంతోషంగా, "చలో ఖాలా, ఇక తక్‌లీఫ్ తీరినట్టే" అన్నాను.

ఖాలా తన దర్వాజ వైపు చూసింది. ఆమె దహలీజ్‌కూ గల్లీకీ మధ్య ఇంకా రెండు అంగుళాల ఎత్తు ఉంది. మా వరసలో నీళ్ళు రాని ఇల్లు ఇప్పుడు అదొక్కటే.

"బేటా," అంది, "పాతది తీసి వేస్తారా, దాని మీదనే వేస్తారా? అది అడిగి రా ముందు."

మళ్ళీ ఆఫీసుకు పోతున్నాను. అర్జీలో ఈసారి రాసింది ఆ ఒక్క ప్రశ్నే.